పగవాడి పెట్టెకు ఇత్తడి పలక

నా చిన్నప్పుడు కుందుర్పిలో మా బజారు మూరెడు ఉండేది. ఆ మూరెడులోనే పగ పెట్టుకోవడానికి మాకు చోటు దొరికింది. వీధికి ఈ పక్క మా పాత్రల అంగడి, ఆ పక్క సరిగ్గా ఎదురుగా మైకుసెట్టు ఆయన గది. వాన రాని మూడో ఏడు అది. చేలల్లో పని లేక జనం అరుగుల మీద కూర్చుని పక్కవాళ్ల తప్పులు వెదుక్కునేవారు. మాకు వెదికే శ్రమ కూడా లేదు. తలెత్తితే ఎదురుగా ఆయనే కనిపించేవాడు.

తగవంతా చప్పుడు గురించే. పాత్రల వ్యాపారం కళ్లతో జరిగేది కాదు, చెవులతో జరిగేది. వచ్చినవాళ్లు బిందెను వేళ్ల కొసల మీద తేల్చి పట్టుకుని, కణుపుతో ఒక దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని వింటారు. ఖంగుమని సాగితే బేరానికి కూర్చుంటారు. మొద్దుగా పలికితే ఓటిదని పక్కకు నెడతారు. ఆయన తన హారనును గది ముందున్న గుంజకు మా అంగడి వైపు తిప్పి కట్టాడు. పొద్దున వాకిళ్లు ఊడ్చేసరికి "అలో, అలో, మైక్ టెస్టింగ్" అని మొదలయ్యేది. ఆ హోరులో బిందె మోగిందో లేదో తెలియక, పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే దించేసి పోయేవాళ్లు. మా నాయన రెండుసార్లు బతిమాలాడు. మూడోసారి మా అత్త, అంటే మా నాయనకు అక్క, రేకులు కోసే కత్తెర తీసుకుని వీధి దాటి, నిచ్చెన వేసుకుని వైరు కత్తిరించి వచ్చింది.

మర్నాడు ఆయన వైరు అతికించుకుని ఊరంతా వినేలా చెప్పాడు: "అయ్యలారా, అమ్మలారా, ఎదురంగట్లో ఓటి బిందెలు అమ్ముతాండారు. మోగిచ్చి చూసి తీసుకోండి. మోగకపోతే తప్పు నా మైకుది కాదు."

బజారంతా నవ్వింది. మా నాయన ఆ పూట అన్నం ముట్టలేదు.

మా అత్త మా ఇంట్లోనే ఉండేది. పాత్రల మీద పేర్లు చెక్కే పని ఆమెది. సన్న ఉలి, చిన్న సుత్తి, అంతే ఆమె సరంజామా. పెళ్లికూతురి పేరు, పుట్టినింటి పేరు, తేదీ, వాటి కింద మూడు చుక్కలు. ఆ మూడు చుక్కలు మా అంగడి గుర్తు. చుట్టుపక్కల ఏ వంటింట్లో ఏ చెంబు తిరగేసినా అవి కనబడేవి. ఆమెకు ఉలి ఎంత వాడో నోరూ అంతే వాడి. ఎదురింటి ఆయనతోనే కాదు, నాతోనూ ఆమెకు పడేది కాదు. నేను పదేళ్లకే పెద్దవాళ్లతో బేరమాడి నెగ్గుతుంటే మా నాయన మురిసిపోయేవాడు. ఆమె మాత్రం పనిలోంచి తలెత్తకుండా, "నోరుండాది, చెయ్యి లేదు దీనికి" అనేది. నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పాలంటే, ఆమె తప్పు ఒక్కటన్నా పట్టుకోవాలని నేను కాచుకుని ఉండేదాన్ని.

ఆ ఏడు, వానలు లేకపోయినా సరే, ఊరిదేవర జాతర చేద్దామని పెద్దలు అనుకున్నారు. దేవరకు మైకు కావాలి. మైకుసెట్టు ఆయన యాంప్లిఫయరు పెట్టె ఆయన సొంత చేతులతో చేసుకున్నది. లోపల వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు బాగానే ఉండేవేమో గానీ, ముందువైపు మాత్రం వట్టి చెక్క. ఏ గుండీ ఏమిటో దాని మీద సుద్దముక్కతో రాసుకునేవాడు. ఒక పెళ్లిలో ఎవరి చెయ్యో తగిలి ఆ రాత చెరిగిపోయింది. సరిగ్గా తాళి కట్టే వేళకు ఏదో గుండీ తిప్పబోయి ఇంకోటి తిప్పాడు. మైకు కూసిన కూతకు పెళ్లికొడుకు చేతిలో తాళి జారిందని చెప్పుకున్నారు. దాంతో దేవర పెద్దలు కరాఖండిగా చెప్పేశారు: పెట్టె పెట్టెలాగా ఉండి, అక్షరాలు చెరగకుండా ఉంటే సరి, లేకపోతే కళ్యాణదుర్గం నుంచి కంపెనీ మిషను తెప్పిస్తాం. సొంత ఊరి దేవరకే పనికిరాని మైకును పక్క ఊళ్లవాళ్లు పిలవరు. అంటే ఆయన గదికి తాళం పడ్డట్టే.

ఆయన ఒక మిట్టమధ్యాహ్నం వచ్చాడు. నాయన మడకశిరకు పోయి ఉన్నాడు. అంగట్లో నేను, అరుగు మీద ఇద్దరు ముగ్గురు పనిలేనివాళ్లు.

"మీ నాయన యాడమే?"

"ఊర్లో ల్యాడు. ఏం కావల్ల?"

"నీతో ఏం పని? మీ అత్తను పిలువు."

"మా అత్త నీ మొగం చూడదు. నాతోనే మాట్లాడు."

విసురుగా తిరిగి రెండడుగులు వేశాడు. ఆగాడు. మళ్లీ వచ్చాడు. రెండడుగులు వేసి వెనక్కి వచ్చేవాడికి పోవడానికి వేరే అంగడి లేదని నాకు అప్పటికే తెలుసు. ఊళ్లో అక్షరాలు చెక్కేది మా అత్త ఒక్కతే.

"పెట్టెకు ముందర బిగించేకి ఒక రేకు కావల్ల. మూరెడు పొడుగు, జానెడు ఎత్తు. అక్షరాలు కొట్టియ్యల్ల. ఏం తీసుకుంటారు?"

"హారను తిప్పల్ల."

"యాడికి?"

"మీ ఎనకపక్కకు. గుట్ట దిక్కు."

"గుట్టలో ఎవురుండారే వినేకి? మేకలా?"

"మేకలు బిందెలు కొనవు. అవి వింటే మాకేం నష్టం?"

అరుగు మీద నవ్వులు. ఆయన మొహం ఎర్రబడింది. పావు తిప్పుతానన్నాడు. మొత్తం అన్నాను. సగం అన్నాడు. సుద్దముక్కతోనే రాసుకో పో అన్నాను. చివరికి పళ్లు కొరుక్కుంటూ, "సరే, మొత్తం తిప్పుతా. కానీ స్టీలు రేకు ఇయ్యల్ల, తళతళా మెరిసేది" అని పోయాడు.

నా అంత తెలివైనది అనంతపురం జిల్లాలో లేదనుకున్నాను ఆ పూట. అంతటితో ఆగి ఉంటే ఈ కథే లేదు. మా నాయనను అన్నం తిననివ్వని మనిషికి మంచి స్టీలు ఎందుకివ్వాలనుకున్నాను. పెరట్లో ఖాళీ నూనె డబ్బా ఒకటి ఉంది. దాని పక్క గోడను కోసి, సుత్తితో సాపు చేసి, చింతపండుతోను, బూడిదతోను గంటసేపు తోమాను. అద్దంలా వచ్చింది. దేవర నాటికి తుప్పు పట్టి, జనం ముందు ఆయన పరువు పోతుంటే నేను ఎక్కడ నిలబడి చూడాలో కూడా ఎంచి పెట్టుకున్నాను.

మర్నాడు ఆయన వచ్చి రేకు చేతిలోకి తీసుకుని వేలితో కొట్టాడు. చప్పుళ్లతో బతికే మనిషి కదా, చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ కొట్టాడు.

"ఇది స్టీలు పలుకు కాదే."

"బిందైతే మోగుతాది. రేకు యాడన్నా మోగుతాదా?"

ఆయన జేబులో చెయ్యి పెట్టి, పగిలిన స్పీకరులోంచి ఊడదీసిన సూదంటురాయి తీశాడు. రేకు దగ్గరకు తెచ్చాడు. అది టక్కున అతుక్కుంది. బిందెల మధ్య పెరిగిన నాకు ఖంగుమనే చప్పుడు తెలుసు, మొద్దు చప్పుడు తెలుసు. ఈ టక్కుమనే చప్పుడు ఒకటుందని తెలియదు.

"వొచ్చి చూడండప్పా!" అని ఆయన వీధిలోకి అరిచాడు. "మంచి స్టీలుకు ఇది అంటదు! నూనె డబ్బా కోసి స్టీలంటాండారు! అప్పుడేమో బిందెలని తమాషాకు అన్నా. ఈసారి నిజమే దొరికింది. సాయంత్రం మైకులో చెప్తా, దేవర అయ్యేదాకా చెప్తా!"

దేవరకే మా అంగడి ఏడాది బతుకు. ఆడపిల్లలు పుట్టిళ్లకు వస్తారు, సారెకు పాత్రలు తీసుకుంటారు. ఆయన చెప్పేది ఈసారి అబద్ధం కూడా కాదు. మా నాయన ఒక్క పూట కాదు, ఇక ఎన్ని పూటలు అన్నం మానేస్తాడో అనుకున్నాను.

లోపలి నుంచి మా అత్త వచ్చింది. నా వైపు చూడలేదు.

"ఏమప్పా, నా రేకు పట్టుకొని కూస్తాండావు?"

"నీ రేకా? నాకిచ్చిన రేకు!"

"పిల్ల అక్షరాలు నేర్చుకునేకి కోసి పెట్టినది అది. నీది లోపల ఉండాది. ఏది ఎవురిదో అడగకుండా నీ చేతిలో పెట్టింది ఈ నోరుగల్లది."

"నేర్చుకునేకా? ఏదీ, కొట్టమను. చూస్తా."

ఆమె ఉలి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ పేరు చెక్కు" అంది. అంత చల్లని గొంతు ఆమెది నేనెప్పుడూ వినలేదు. అరుగు మీద కూర్చుని, అందరూ చూస్తుండగా, నా పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టాను. పైనున్న తగరపు పూత పొలుసులుగా లేచింది. కింద నల్లటి ఇనుము బయటపడింది. ఉలి జారి బొటనవేలు తెగింది. ఎవరూ అయ్యో అనలేదు. "ఆపొద్దు" అంది అత్త. పేరంతా పూర్తయ్యేదాకా కొట్టించింది. ఆమె చెప్పింది అబద్ధమని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. కానీ అరుగు మీది జనం కళ్ల ముందు ఉన్నది ఒక పిల్ల, ఒక డబ్బా రేకు, వంకర అక్షరాలు. అందులో మైకులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. నా వేలి నెత్తుటితో ఆమె తన అబద్ధాన్ని నిజం చేసుకుంది.

"సరే, నా స్టీలు తెప్పియ్యి మరి" అన్నాడు ఆయన.

"స్టీలు నీకు పనికిరాదు" అంది. ఒక స్టీలు పళ్లెం వెనక్కి తిప్పి ఉలితో కొట్టి చూపించింది. ఉలి జారిపోయి సన్నటి గీత మిగిలింది. "ఇంతే తెగుతాది. పైగా దేవర లైట్ల కింద దాంట్లో నీ మొగం కనపడతాది, అక్షరం కనపడదు. నీ మొగం చూసేకి వస్తారా జనం?"

అల్యూమినియం మూత తీసింది. అది మెత్తగా ఉలికి అంటుకుని, అక్షరం అంచులు చిరిగినట్టు లేచాయి. తప్పు దిద్దుకుందామని నేను పరుగెత్తి, పాతసామానులోంచి మా అంగట్లోకెల్లా బాగా మోగే కంచు పళ్లెం తెచ్చాను. ఆమె నా వైపు చూస్తూనే దాని మీద ఒక్క దెబ్బ వేసింది. బీట అంచుదాకా పాకింది. "మోగేది తప్ప ఇంగేమీ తెల్దు నీకు" అంది.

"పట్నం నుంచి పైన నలుపు, లోపల తెలుపు ప్లాస్టిక్కు తెచ్చినా" అన్నాడాయన, ఆమెతో కాదు, గాలితో అన్నట్టు. "అక్షరం బాగానే తెగింది గానీ, వాల్వుల వేడికి అప్పడం మాదిరి వంకర పోయింది."

"ఇత్తడి కావల్ల" అంది అత్త.

"అంత వెడల్పు, అంత మందం ఇత్తడి ఈ కరువులో యాడుండాది?"

"అది నా పని. హారను సంగతి చెప్పు."

ఆయన నవ్వాడు. "మొత్తం తిప్పుతానన్నది స్టీలని నమ్మినప్పుడు. డబ్బా రేకు చూపిచ్చినందుకు సగం కోసినా. సగమే తిప్పుతా."

ఆమె ఆయనను చూడలేదు, నన్ను చూసింది. "సరే, సగం" అంది. లేచి పోతూ ఆయన సూదంటురాయిని నా ముందు విసిరాడు. "పెట్టుకోమే. మళ్లీ నన్ను మోసం చేసే ముందర నువ్వు చూసుకో."

ఆ సాయంత్రం పెరట్లో మా అత్త తన పెళ్లినాటి ఇత్తడి తాంబాళం బయటికి తెచ్చింది. వెనక ఆమె పేరు ఉంది, మా తాత చెక్కినది. అడుగు పలక మందంగా, చదునుగా ఉంటుంది. దాన్ని రంపంతో కోస్తుంటే నేను ఉండబట్టలేక అడిగాను, ఆ మనిషి కోసం నీది కోయడమేమిటని. బాగా దొరికిందనుకున్నాను, ఈమెకూ ఒక మెత్తని చోటుందని. ఆమె రంపం ఆపలేదు.

"వాని మీద జాలనుకుంటాండావా? వాడు నాశనమైతే పండగ చేసుకుంటా. నీ మాదిరి గుడ్డిదాన్ని కాను, అంతే. మనోళ్లకు ఓటిది ఇచ్చినా చూసీ చూడనట్టు పోతారు. పగోడు అట్ల కాదు. పొద్దున లేస్తే మన వస్తువులో తప్పు యాడుండాదా అని వెతుకుతాడు. వెతికి వెతికి వానికి ఏమీ దొరకగూడదు. వాడు అట్ల ఎతుక్కుంటానే సావల్ల."

ఇత్తడిని నిప్పుల్లో ఎర్రబడేదాకా కాల్చి, చల్లార్చి, కొయ్య సుత్తితో సాపు చేసింది. కాల్చితే మెత్తబడుతుందని, అప్పుడు ఉలి కింద తడి ఇసుకలో వేలితో గీసినట్టు తెగుతుందని నాతో చెయ్యి వేయించి చూపించింది. గుండీల రంధ్రాలు ముందే తొలిచి తెమ్మని ఆ పలకను ఆయనకు పంపింది. అక్షరాలయ్యాక తొలిస్తే వాటి అంచులు చెదురుతాయి. తరవాత ఎండిన వంకలోంచి తెచ్చిన ఇసుకతో ఒకే వాటంగా రుద్ది మెరుపు చంపేసింది. మైకు ఒకటి, మైకు రెండు, రికార్డు, టోను, సౌండు. అక్షరాల్లో మసి కలిపిన లక్క కరిగించి పోసి, ఆరాక పైది గీకేసింది. పసుపు పలక మీద నల్లటి అక్షరాలు ముత్యాల్లా నిలబడ్డాయి. కింద మూల మూడు చుక్కలు. వెనక ఆమె పేరు అలాగే ఉంది. చెరిపెయ్యవా అంటే, "ఎందుకు? మోసుకొని తిరగనీ" అంది.

దేవర నాడు పెద్దలు ఒకరి తరవాత ఒకరు వంగి ఆ పలక చదివారు. కళ్యాణదుర్గం మిషను రాలేదు. మైకుసెట్టు ఆయన తెరిపి దొరికినప్పుడల్లా ఆ పలక మీదికి వంగి ఏదో వెదుకుతూనే ఉన్నాడు. చేతులు కట్టుకుని దూరం నుంచి మా అత్త ఆయన వెదకడాన్ని చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో అంత సంతోషం నేను ఏ పండక్కీ చూడలేదు. నాలుగో నాడు ఆయన అరుగు మీద ఎవరితోనో, "ఆ మూడు చుక్కల్లో నడిమిది రవ్వంత కిందికి ఉండాది" అన్నాడట. ఆ మాట చెవిన పడగానే ఆమె లేచి, లోపలికి పోయి, తన పాత చెంబులన్నీ తిరగేసి చుక్కలు చూసుకుంది.

వాళ్లు ఆ తరవాతా మాట్లాడుకోలేదు, చచ్చేదాకా. హారను మాటిచ్చినట్టే సగం తిరిగింది. అంగట్లో బిందె మోత వినబడేది గానీ, పక్కకు తిరిగిన ఆ హోరు నేరుగా నేను పడుకునే గది గోడకు తగిలేది. పెళ్లై ఆ ఇల్లు వదిలేదాకా ప్రతి పొద్దూ "అలో, అలో" అని నా తెలివి నన్ను నిద్ర లేపింది.

ఇప్పుడు పేర్లు చెక్కడానికి మిషన్లొచ్చాయి. మొన్న మా మనవరాలు ఇంట్లోనే పాటల యాంప్లిఫయరు ఒకటి చేసుకుంటూ, ముందు పలకకు ఏ రేకు బాగుంటుందని ఫోనులో బొమ్మలు చూపించి నన్ను అడిగింది. బొమ్మలో అన్నీ మెరుస్తాయి, ముక్కలు తెప్పించు అన్నాను. ఐదు రకాలు తెచ్చింది. ఒక్కో దాని వెనక మేకుతో గీయించాను. ఏది ఎంచుకోవాలో నేను చెప్పకుండానే ఇత్తడి పక్కన పెట్టుకుంది. నా పేరున్న డబ్బా రేకు కూడా చూపించాను. తుప్పు తినగా రెండు అక్షరాలు మిగిలాయి.

సూదంటురాయి మాత్రం ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. తాళాలు, సూదులు, రేకు డబ్బీ, అన్నీ దానికే అతుక్కుంటాయి. అంగళ్లకు పోతే స్టీలు సామాను మీద పెట్టి చూస్తాను. ఎవరికైనా ఏదైనా ఇవ్వాల్సి వచ్చినా, ముఖ్యంగా నాకు గిట్టనివాళ్లకు, సంచి కట్టేముందు ఒకసారి పెట్టి చూస్తాను. మా తోటికోడలికీ నాకూ మాటల్లేవు. ఆమె మనవడి పెళ్లికి మొన్న బిందె కొనబోతే, కుర్ర సేటు నా చేతిలోది చూసి నొచ్చుకున్నాడు.

"నమ్మకం లేదా అవ్వా నా మీద?"

"నీ మీద ఉండాది నాయనా," అన్నాను, "లేనిది నా మీదనే."